ఆ కారు ఏ బాటన వచ్చింది?

ఈ సంవత్సరం వార్షికోత్సవ సందర్భమున మన కళాశాల చరిత్ర విద్యార్థులు అల్లూరి సీతారామరాజు జీవితాన్ని గురించి ఒక చిన్న చలనచిత్రం తీయదలచిన విషయం పాఠకులకు తెలిసియే ఉంటుంది. కథ వ్రాసుకొన్నారు, వేషాలు పంచుకొన్నారు. రూథర్‌ఫర్డ్ దొర మన్యంలోకి ప్రవేశించే ఘట్టానికి ఒక వాహనం కావలసి వచ్చింది. కళాశాల శ్రేయోభిలాషి ఒకరు తమ ఇంట నున్న పాత జీపును ఉచితంగా ఇస్తామని ముందుకు వచ్చారు. అందరూ సంతోషించిన ఆ సమయంలో రెండవ సంవత్సరం విద్యార్థిని ఒకతె లేచి, “సార్, జీపు పుట్టినది 1941లో గదా! 1924లో రూథర్‌ఫర్డ్‌కు ఎట్లా దొరికింది?” అని అడిగింది. గది అంతా నవ్వులు. సమావేశంలో ఉన్న కమిటీ పెద్దలొకరు మాత్రం నవ్వక, “చూచేవారు కథను చూస్తారు గాని బండిని చూస్తారా అమ్మా?” అన్నారు.

ఆ అమ్మాయి ప్రశ్న సరియైనదే. పెద్దల మాటలోనూ కొంత నిజం లేకపోలేదు. అయినా ఆ రెండింటి మధ్య అసలు అడుగవలసిన ప్రశ్న ఒకటి జారిపోయినట్లు నాకు తోచింది. ఈ వ్యాసం దాని కోసమే.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. బండిని చూచేవారు ఉన్నారు, వారిలో నేనొకణ్ణి. ఈ జాడ్యం నాకు మా అమ్మగారి తండ్రి నుండి సంక్రమించింది. మా ఇండ్లలో ఆయనను ‘నానా’ అంటాము. ఆయన చాలాకాలం నర్సీపట్నం, చింతపల్లి మధ్య లారీ నడిపారు. చింతపండు, పసుపు, అడ్డాకులు కొండ దిగేవి. ఉప్పు, కిరసనాయిలు, బట్టల మూటలు కొండ ఎక్కేవి. లంబసింగి ఘాట్‌లో లోడుబండి మెల్లగా మూలుగుతూ ఎక్కుతుంటే, వెనుక క్లీనరు కుర్రవాడు చేత చెక్కదిమ్మ పట్టుకొని నడిచేవాడట. బండి వెనుకకు జారబోతే ఆ దిమ్మను చక్రం క్రింద పెట్టడమే వాని ఉద్యోగం. నానా ఇంటి అరుగుమీద కూర్చుండి, వీధి మలుపు అవతల వచ్చే బండిని కంటితో చూడకుండానే చప్పుడును బట్టి పేరు చెప్పేవారు. ఆయనతో కలిసి సినిమా చూడడమంటే శిక్ష. కథానాయకుడు కన్నీరు పెట్టుకొంటూ ఉంటే ఈయన, “బేటా, వెనుక నిలబెట్టిన ఆ ఫియట్టు అప్పటికి ఇంకా రాలేదు” అనేవారు. మొదట్లో విసుగుపడేవాణ్ణి. తరువాత నేనూ ఆ పనే చేయసాగాను.

ఇది నేర్వరాని విద్య ఏమీ కాదు. సూత్రం ఒక్కటే: కథ జరిగిన నాటికి ముందు పుట్టిన వస్తువు తెరపై ఉండవచ్చు, తరువాత పుట్టినది ఉండరాదు. 1957లో హిందుస్థాన్ మోటార్సు వారి అంబాసిడర్ వచ్చింది. అంతకు ముందు 1954 నుండి లాండ్‌మాస్టరు ఉండేది. ‘మాయాబజార్’ విడుదలైనదీ 1957లోనే. కనుక ఆ సినిమా విడుదలనాటి మదరాసు వీధిలో కొత్త అంబాసిడర్ కనిపిస్తే మురిసిపోవచ్చు. ‘దేవదాసు’ విడుదలైన 1953 నాటి వీధిలో కనిపిస్తే ముఖం చిట్లించవలసిందే. అంబాసిడర్‌తో మరొక చిక్కు ఉన్నది. 2014లో ఉత్పత్తి నిలిచిపోయేవరకు దాని శరీరం దాదాపు ఒకే తీరుగా ఉండిపోయింది. కాబట్టి చూడవలసినది శరీరాన్ని కాదు, ముఖాన్ని. ముందరి జాలీ అల్లిక, పక్క దీపాల ఆకారం మార్క్ 1 నుండి మార్క్ 4 వరకు మారుతూ వచ్చాయి. 1979 నాటి మార్క్ 4 బండిని తెచ్చి 1960 నాటి మంత్రిగారిని అందులో కూర్చుండబెట్టితే సామాన్యునికి తెలియదు గాని, మెకానిక్కుకు తెలియకపోదు.

నంబరు పలకలు ఇంకా సులభం. 1989లో కొత్త మోటారు వాహనాల చట్టం అమలులోకి వచ్చిన తరువాతనే రాష్ట్రానికి రెండక్షరాలు, జిల్లాకు అంకె అనే పద్ధతి వచ్చింది. విశాఖపట్నానికి ‘ఏపీ 31’ అట్లా దక్కింది. అంతకు ముందు మన రాష్ట్రపు బండ్లకు ‘ఏ’ అక్షరంతో మొదలయ్యే మూడక్షరాలు ఉండేవి. 1970 నాటి కథలో ‘ఏపీ 31’ కనిపించిందంటే, కళాదర్శకుడు కారుకు రంగు వేయించాడు గాని పలక మార్చడం మరచాడన్నమాట.

మన భాషలో ఇటీవల వచ్చిన జీవితచరిత్ర చిత్రాలలో ‘మహానటి’ని (2018) ఈ దృష్టితో చూడడం ఒక మంచి అభ్యాసం. సావిత్రి గారికి కార్లంటే ఉన్న మోజు జగమెరిగినదే. ఆ కథను కార్లు లేకుండా చెప్పడానికి వీలులేదు. ఆ చిత్రంలో కథ రెండు కాలాలలో నడుస్తుంది: ఒకటి సావిత్రి జీవితం, రెండవది ఆమె చివరి దినాలలో ఆమెను గురించి వ్రాయబోయే పత్రికా విలేఖరి కథ. ఆమె కన్నుమూసినది 1981 డిసెంబరు 26న. మారుతి 800 కొనుగోలుదారుల చేతికి వచ్చినది 1983 డిసెంబరులో. కనుక ఈ రెండు కాలాలలో దేనియందును మారుతికి చోటు లేదు. ఒక నటి మొత్తం జీవితం మారుతి రాకముందే ముగిసిందని తెలిసినప్పుడు, మా తరం వారికి ఆ కాలం ఎంత దూరమైనదో ఒక్కసారిగా అర్థమవుతుంది. తారీఖులు కంఠస్థం చేసి పరీక్షలో వ్రాసే విద్యార్థికి ఇటువంటి అనుభవం అరుదు. అందుచేతనే ఈ వెదకులాటను నేను వట్టి కాలక్షేపమని కొట్టివేయలేను.

అయితే ఈ విద్యలో అతి పనికిరాదు. కొందరు 1957 నాటి వీధి అంటే అందులో అన్నీ 1957 నాటి కార్లే ఉండాలనుకొంటారు. అది కూడ పొరపాటే. మన దేశంలో బండి ముసలిదైనా చావదు. 1982, 83 ప్రాంతాల నందమూరి తారక రామారావు గారు రాష్ట్రమంతటా తిరిగిన ‘చైతన్య రథం’ అప్పటికే ఎంతో పాతదైన షెవర్లె వ్యాను. 2019లో వచ్చిన ఆయన జీవితచరిత్ర చిత్రాలలో పాత వ్యాను కనిపించడమే న్యాయం, కొత్తది కనిపిస్తేనే తప్పు. పాత కార్లను ప్రాణప్రదంగా దాచుకొన్న ఆసాముల వద్ద నుండి అద్దెకు తెచ్చిన బండ్లతో మరొక ఇబ్బంది కూడా ఉన్నది. అవి పెండ్లికొడుకులవలె మెరుస్తూ ఉంటాయి. కొండదారిలో నాలుగు గంటలు ప్రయాణం చేసివచ్చిన దొరగారి కారుపై ఒక్క బురదచుక్క ఉండదు! సంవత్సరం సరిపోయినా కాలం సరిపోలేదనడానికి ఇంతకన్న నిదర్శనమేమి కావాలి?

పొరపాట్లు మనవారికే పరిమితమని చిన్నబుచ్చుకోనక్కరలేదు. కోట్ల డాలర్లతో తీసిన ‘ఓపెన్‌హైమర్’ (2023) చిత్రంలో 1945 నాటి సన్నివేశాన 50 నక్షత్రాల అమెరికా జెండాలు ఎగిరాయని ప్రేక్షకులే పట్టుకొన్నారు. ఆ దేశపు పతాకంలో నక్షత్రాలు ఏబదియైనది 1960లో. అందుచేత చిత్రానికి వచ్చిన నష్టమేమీ లేదు. కమిటీ పెద్దలు అన్నది ఈ మేరకు నిజమే: చూచేవారు కథనే చూస్తారు.

కాని, మన విద్యార్థులు ఎన్నుకొన్న కథ గూడెం కొండలది. అక్కడ కారు సంగతి వేరు.

మదరాసు వీధిలో కారును చూచినప్పుడు వీధిని గురించి ఎవరూ ఆలోచించరు. అది ఎప్పుడూ ఉన్నదే. కొండమీద కారును చూపిస్తే దానితోపాటు ఒక రోడ్డును కూడ చూపించక తప్పదు. 1922 నాటి గూడెంలో ఆ రోడ్డే తగవు. నర్సీపట్నం నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి పోయే బాట పనిలో కొండవారిని బలవంతంగా దింపి, చాలీచాలని కూలితో, కొన్ని వేళల అది కూడ లేకుండా పని చేయించుకొన్నారు. ఆ పనులు నడిపించిన గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ పేరు పితూరీ చరిత్రలో మాసిపోని మచ్చగా నిలిచింది. అప్పటికే 1882 నాటి మదరాసు అటవీ చట్టం పోడు వ్యవసాయానికి అడ్డుకట్టలు వేసింది. తాతల నాటి కొండవాలులో విత్తు చల్లుకోవడం నేరమైపోయింది. తమ పొలాలను పోగొట్టుకొన్నవారి చేతికే పలుగు ఇచ్చి, తమ కొండనే తవ్వించి, తమను శిక్షించడానికి వచ్చేవారికి దారి వేయించారు. సీతారామరాజు వెంట వారు ఎందుకు నడిచారో తెలియడానికి ఇంతకు మించి పెద్ద గ్రంథాలు అక్కరలేదు.

‘నడిచారు’ అన్న మాటను నేను అలంకారం కోసం వాడలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి: మూడు దినాలలో మూడు పోలీసు ఠాణాలు. 26 తుపాకులు, రెండువేల ఐదువందల పైచిలుకు తూటాలు చేజిక్కించుకొని మరల అడవిలోకి మాయమయ్యారు. అంతా కాలినడకనే. అదే సంవత్సరం సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులు మన్యం వీరుల తుపాకులకు నేలకొరిగారు. పోలీసు బలగాలు చాలక మలబారు నుండి ప్రత్యేక పోలీసులను, తరువాత అస్సాం రైఫిల్సును తెప్పించినా, 1924 మే 7న రాజు మరణించేవరకు పితూరీ సాగింది. రోడ్డుమీద నడిచేవానికి, అడవిలో నడిచేవానికి మధ్య జరిగిన యుద్ధమది. సర్కారుకు రోడ్డు ఎంత అవసరమో, రాజుకు రోడ్డు లేకపోవడం అంత అవసరం.

ఇటువంటి కథలో ఒక దొర కారులో కూర్చుండి నల్లని తారురోడ్డుపై, నడుమ తెల్లగీత మీదుగా దూసుకొని వచ్చాడనుకోండి. కారు మాత్రం 1920 నాటి ఫోర్డు మోడల్ ‘టి’యే అనుకోండి. అది 1908 నుండి 1927 వరకు తయారైన బండి, కాలగణనలో వీసమెత్తు దోషం లేదు. కార్ల ప్రియులు చప్పట్లు కొడతారు. కాని ఆ చిత్రం చెప్పిన అబద్ధం జీపు చెప్పగల అబద్ధం కన్న పెద్దది. దారి అక్కడ సహజంగా మొలిచినట్లు, దానిని ఎవరూ తవ్వనట్లు, ఎవరి వీపూ వంగనట్లు చూపించింది గదా!

ఇదే దృష్టితో చూచినప్పుడు 1974లో ఘట్టమనేని కృష్ణ గారు నిర్మించి నటించిన ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రం పట్ల నాకు గౌరవం పెరుగుతుంది. తెలుగులో తొలి సినిమాస్కోపు చిత్రమది. దర్శకుడు వి. రామచంద్రరావు గారు నిర్మాణ మధ్యంలోనే మరణించారు. అయినా ఆ బృందం స్టూడియోలో అట్టకొండలు కట్టుకొనక చింతపల్లి అడవులకు పోయి, ఎక్కువ భాగం అక్కడే చిత్రీకరించింది. ఆ కొండలే సగం అభినయాన్ని తమ భుజాన వేసుకొన్నాయి. ఈనాటి బృందాలు చాలవరకు అరకు చేరి, దానినే గూడెం అనుకోమంటాయి. అరకులో రైలు దిగవచ్చు, బస దొరుకుతుంది, లోయ కనులకింపుగా ఉంటుంది. కాని ఆ రైలుమార్గం బైలడిల్లా ఇనుపరాయిని విశాఖ రేవుకు దింపడానికి 1960లలో వేసినది. ఆ కొండలమీదుగా సాగే కరెంటు తీగల కథ 1955లో మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రం పని మొదలుపెట్టిన తరువాతి మాట. మన విద్యార్థులు కూడ మొదట అరకు పేరే ఎత్తారు. రైలు ప్రయాణం ఉత్సాహం కాబోలు! అక్కడ కెమెరాను ఏ వైపు త్రిప్పినా ఒక స్తంభమో ఒక వంతెనో అడ్డుతగులుతుందని నచ్చజెప్పవలసి వచ్చింది.

2022లో వచ్చిన ‘ఆర్ ఆర్ ఆర్’ను జీవితచరిత్ర అనలేము. ఎన్నడూ కలుసుకోని సీతారామరాజును, కొమరం భీమును కలిపి అల్లిన కల్పన అది. తాను కల్పననేనని అదే చెప్పుకొన్నది. కనుక అందులోని మోటారు సైకిళ్ళకు, లారీలకు పుట్టిన తేదీలు అడుగను. కాని అందులో ఒక విషయం మా ఇంట్లో అందరినీ ఆకర్షించింది. ఢిల్లీలో భీము దాల్చిన మారువేషం అఖ్తర్ అనే ముస్లిం మెకానిక్కుది. మన ఊళ్ళలో ఏ మోటారు షెడ్డుకు పోయినా నూనెచేతులతో పలకరించే ఒక భాయి ఉండడం సాధారణం గదా. కల్పనలో నాకు నిజమనిపించిన భాగం అదే. అసలు భీము నోట పలికినదని చెప్పుకొనే ‘జల్, జంగల్, జమీన్’ అనే నినాదంలోని మూడు మాటలను మన పత్రిక ఉర్దూ పుటల పాఠకులు నిఘంటువు లేకనే చదువగలరు. 1940లో జోడేఘాట్‌లో ఆయన ప్రాణం విడిచినది కూడ అడవిపై హక్కు కోసమే.

ఇక నానా చెప్పిన ముచ్చట ఒకటి వ్రాయక తప్పదు. ఆయన లారీ నడిపే రోజులలో ఒకనాడు లంబసింగి మలుపు వద్ద ఒక వృద్ధుడు చేయి ఎత్తాడట. బండి ఆపి ముందుసీటులో కూర్చుండబెట్టుకొన్నారు. కొంతదూరం పోయిన తరువాత ఆ వృద్ధుడు బయటికి చూపి, “ఈ రాయి మా అయ్య కొట్టిందే” అన్నాడు. “మీ అయ్య ఈ రోడ్డున బండి ఎక్కాడా?” అని నానా అడిగారు. “లేదు. నేనే, ఇయ్యాలే” అన్నాడట ఆ ముసలాయన. చింతపల్లిలో దిగుతూ డబ్బులివ్వబోతే నానా పుచ్చుకోలేదు. ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా ఆయన చివర, “ఆ రోడ్డుకు కిరాయి వాళ్ళయ్య ముందే కట్టేశాడు బేటా” అనేవారు.

ఇదంతా గతించిన చరిత్ర గదా అని ఎవరైనా అనవచ్చు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు పేరిటనే ఒక జిల్లా ఏర్పడింది. అదే జిల్లాలో బాటలేని గూడెముల నుండి గర్భిణీలను, రోగులను కర్రకు గుడ్డ కట్టిన డోలీలో మోసుకొని వచ్చి అంబులెన్సును అందుకొనే వార్తలు పత్రికలలో వస్తూనే ఉన్నాయి. నాడు అక్కరలేని రోడ్డును వారి చేత బలవంతాన వేయించారు. నేడు వారు కావాలని అడిగే రోడ్డు కొన్ని చోట్లకు చేరనేలేదు. ఏ నిర్మాత అయినా ఈనాటి మన్యం మనిషి జీవితచరిత్రను నిజాయితీగా తీయబూనితే, అందులోని కొన్ని ఘట్టాలకు కారు ఏ సంవత్సరపుదన్న చర్చే రాదు. అక్కడికి ఏ కారూ రాదు గనుక.

కమిటీవారికి ఇప్పుడు నా మనవి. జీపు బదులు 1920ల నాటి కారును అద్దెకు తెప్పించాలని విద్యార్థులు కొందరు కోరుతున్నారు. దానికి రవాణా ఖర్చు కలిపితే, చిత్రానికి మనం కేటాయించిన సొమ్ము ఆ ఒక్క సన్నివేశానికే చాలదు. కమిటీవారు దానిని తిరస్కరిస్తే నేను అభ్యంతరం చెప్పను. పైగా, ఇస్తామన్నా వద్దనే చెబుతాను. రూథర్‌ఫర్డ్ ఏ వాహనంలో వచ్చాడన్నది మన చిత్రానికి ముఖ్యం కాదు. అతని రాకను ఒక చప్పుడుగానో, దూరాన లేచిన ధూళిగానో చూపవచ్చు. ఆ నిమిషాలను రోడ్డు పనికి ఇవ్వండి. పది పలుగులు, పది పారలు, ఇరవై తట్టలు చాలును. ఇవి అద్దెకు తేవలసినవి కూడ కావు, మన కళాశాల తోటపని గదిలో సగం ఉన్నాయి. రాయి కొట్టేవాని చేతులను దగ్గరగా చూపండి. కూలి పంచేవేళ లెక్క తప్పించే గుమాస్తా ఒకడు ఉండాలి. ఆ వేషానికి మన విద్యార్థులలో పోటీ తీవ్రంగా ఉన్నది, ఎందుకో తెలియదు.

మిగిలిన సొమ్ముతో పిల్లలను నాలుగు దినాలు చింతపల్లి, కృష్ణదేవిపేట ప్రాంతాలకు తీసికొనిపోవడానికి అనుమతించండి. లంబసింగి ఘాట్‌ను క్రిందినుండి పైకి ఒకసారి కాలినడకన ఎక్కించాలని నా ఉద్దేశం. కృష్ణదేవిపేటలో రాజు సమాధి ఉన్నది. ఆ చుట్టుప్రక్కల గ్రామాల పెద్దలు తమ పూర్వులను గురించి ఏమి చెబితే అది వారి మాటలలోనే వ్రాసుకొని, ఆ తరువాతనే సంభాషణలు దిద్దుకోవాలి. మన కళాశాలలోనే మన్యం నుండి వచ్చి చదువుకొంటున్న విద్యార్థులు ముగ్గురున్నారు. వారికి ఇంతవరకు ఈ చిత్రంలో మూకలో నిలబడే వేషాలే ఇచ్చారని నిన్ననే తెలిసింది. రచనా బాధ్యతలో వారికి భాగం ఇవ్వవలసిందిగా చరిత్ర సంఘ కార్యదర్శికి ఈ పుటల ద్వారానే తెలియజేస్తున్నాను.

జీపు ఇస్తామన్న పెద్దమనిషికి మన కృతజ్ఞతలు. దానిని తప్పక తీసికొందాము. నర్సీపట్నం నుండి కెమెరా పెట్టెలను, అన్నపు గిన్నెలను పైకి చేర్చడానికి అది ఎంతో ఉపకరిస్తుంది. చిత్రంలో మాత్రం దానికి వేషం లేదు.